హతసాక్షియగు జస్టిను

మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో అన్యాయమునకు లోనైనవారు అర్జీ వ్రాయించుకొని అధికారులయొద్దకు పోవుట మనమెరిగినదే. క్రీ. శ. 155వ సంవత్సర ప్రాంతమున ఒక విద్వాంసుడు, తనకొరకు మాత్రమే గాక తనవారందరికొరకు, అట్టి అర్జీని రోమా చక్రవర్తికే వ్రాసెను. ఆయన చరిత్రమును సంగ్రహముగా తెలిసికొందము.

జస్టిను సుమారు 100వ సంవత్సరమున పాలస్తీనా దేశమందు, ప్రాచీన షెకెమునకు సమీపమందలి పట్టణములో, క్రైస్తవులు కాని కుటుంబమున జన్మించెను. సత్యమెరుగగోరి ఆయన పలువురు తత్త్వవేత్తల నాశ్రయించెను. ఒక గురువు ముందుగా జీతమడిగెను. వేరొకరు సంగీతము, ఖగోళశాస్త్రము, క్షేత్రగణితము నేర్చి రమ్మని పంపివేసెను. తుదకు సముద్రతీరమున కనబడిన ఒక వృద్ధుడు ప్రవక్తల గ్రంథములవైపు ఆయన మనస్సును త్రిప్పెను. మరణమునకు వెరవని క్రైస్తవుల ధైర్యమును గూడ చూచి, జస్టిను క్రీస్తును విశ్వసించెను. పిమ్మట రోమాపురమున శిష్యులకు బోధించుచుండెను.

ఆ కాలమున క్రైస్తవుడనని ఒప్పుకొనుటయే మరణశిక్షకు చాలియుండెను. కాదన్నవాడు విడుదల పొందుచుండెను. నేరమేమని విచారించువారు లేరు. కావున జస్టిను అంతోనీను పయసు చక్రవర్తికిని, ఆయన దత్తపుత్రులకును విజ్ఞాపనము వ్రాసెను. అందాయన దయను యాచింపలేదు, విచారణనే కోరెను. దుష్కార్యము రుజువైనయెడల క్రైస్తవునినైనను శిక్షింపవలెననియు, పేరు మాత్రము నేరము కాదనియు వాదించెను. క్రైస్తవులు పన్నులు తప్పక చెల్లింతురనియు, ఆదివారపు కూటములలో పోగైన కానుకలతో అనాథలను, విధవరాండ్రను, చెరలోనున్నవారిని ఆదుకొందురనియు తెలిపెను. అల్లరిమూకల కేకలు విని శిక్షింపరాదని పూర్వము హద్రియాను చక్రవర్తి ఒక అధిపతికి వ్రాసిన లేఖనుగూడ జతపరచెను.

తరువాత ఉర్బికు అను నగరాధికారి, టొలెమీ అను బోధకునికి అతడు క్రైస్తవుడైనందుననే మరణశిక్ష విధించెను. ఇది న్యాయమా యని అడిగిన లూకియు అనువానికిని అదే శిక్ష కలిగెను. జస్టిను ఊరకుండక మరల విజ్ఞాపనము వ్రాసెను.

సుమారు 165వ సంవత్సరమున ఆయనయే ఆరుగురు సహచరులతో రుస్తికు అను నగరాధికారి యెదుట నిలువవలసివచ్చెను. అప్పటి చక్రవర్తి మార్కు ఔరేలియు. తొలి విజ్ఞాపనము నందుకొనిన దత్తపుత్రులలో నొకడు! దేవతలకు బలి అర్పింప నిరాకరించినందున వారందరు శిరచ్ఛేదము నొందిరి.

ఆ అర్జీ ఆయన ప్రాణమును కాపాడలేదు. రోమా సామ్రాజ్యమున క్రైస్తవులకు మతస్వాతంత్ర్యము 313వ సంవత్సరమునగాని స్థిరపడలేదు. అయినను, మనుష్యుని పేరును బట్టిగాక పనిని బట్టి తీర్పు తీర్చవలెనని ఆయన అడిగిన న్యాయము నేటికిని మాసిపోలేదు. మన తరగతిలో, మన ఊరిలో, ఒకని పేరో కులమో వినినంతనే వానిని నిందింపబోవునప్పుడు మనము జస్టినును జ్ఞప్తికి తెచ్చుకొందము.