వాక్యాన్ని పనిలో పెట్టిన పండిత రమాబాయి

ఈ నెల గోడపత్రికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమని నాకు అప్పగించారు. నేను పండిత రమాబాయి గారి గురించి రాస్తున్నాను. ఆమెనే ఎందుకు ఎంచుకున్నానో ఆఖర్న చెబుతాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

రమాబాయి 1858లో కర్ణాటకలోని పడమటి కనుమల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకు సంస్కృతం నేర్పరాదనేవారు. ఆయన మాత్రం భార్య లక్ష్మీబాయికి నేర్పాడు. నలుగురూ తప్పు పట్టారని అడవిలోకి పోయి ఇల్లు కట్టుకున్నాడు. రమాబాయికి చదువు చెప్పింది ఆ తల్లే. తర్వాత కుటుంబమంతా ఊరూరా తిరుగుతూ, గుళ్ళ దగ్గర పురాణం చదివి, జనం ఇచ్చినదానితో బతికేవారు.

ఇంతలో మద్రాసు రాజధానిలో కరువు వచ్చింది. తిరుపతి దగ్గరి అడవిలో వాళ్ళు పదకొండు రోజులు నీళ్ళు, ఆకులు, కాసిని ఈతపళ్ళతో ప్రాణం నిలబెట్టుకున్నారు. 1874లో తండ్రి చనిపోయాడు. కొద్దికాలానికే తల్లి, అక్క కూడా పోయారు. రమాబాయికి అప్పుడు పదహారేళ్ళు. అన్న శ్రీనివాసుతో కలిసి వేల మైళ్ళు కాలినడకన తిరిగింది. ఆకలి అంటే ఏమిటో ఆమె పుస్తకంలో చదువుకోలేదు.

1878లో అన్నాచెల్లెళ్ళు కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె సంస్కృతం విని ఆశ్చర్యపోయి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న చనిపోయాడు. అదే ఏడు ఆమె కులం కట్టు దాటి బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును పెళ్ళి చేసుకుంది. 1881లో పాప మనోరమ పుట్టింది. 1882లో కలరాతో భర్త పోయాడు. అంటే ఇరవై నాలుగేళ్ళు నిండకుండానే తల్లీ, తండ్రీ, అక్కా, అన్నా, భర్తా అందరినీ పోగొట్టుకుంది. చేతిలో ఉన్నది చంటిపాప ఒక్కతే.

1883లో వైద్యం చదవాలని ఇంగ్లండు వెళ్ళింది. చెవులు సరిగ్గా వినిపించక ఆ చదువు కుదరలేదు. అక్కడ లండనులో ఫుల్హామ్ అనే చోట ఒక ఆశ్రమం చూసింది. లోకం చెడిపోయినవాళ్ళని వెలివేసిన స్త్రీలను క్రైస్తవ సోదరీమణులు అక్కడ ప్రేమగా చూసుకుంటున్నారు. ఎందుకు ఇలా చేస్తున్నారని అడిగితే, యేసుప్రభువు బావి దగ్గర సమరయ స్త్రీతో మాట్లాడిన కథ చదివి చెప్పారు. ఎవరూ పలకరించని మనిషిని ఆయన ముందుగా నీళ్ళడిగాడు. ఆ కథ ఆమె మనసు మార్చింది. 1883లోనే కూతురితో సహా బాప్తిస్మం తీసుకుంది.

అయితే విశ్వాసం మారింది గాని మనిషి వేరే దేశపు మనిషి కాలేదు. చీర వదల్లేదు. మాంసం ముట్టలేదు. పెద్దలు చెప్పారు కదా అని ప్రతిదానికీ తల ఊపకుండా, బైబిలు తానే చదివి ప్రశ్నలు వేసేది. దానికి అక్కడి సంఘ పెద్దలు నొచ్చుకున్నారు కూడా.

తర్వాత అమెరికా వెళ్ళి, మన దేశపు విధవరాళ్ళ కష్టాలు చెప్పి సాయం కూడగట్టింది. 1889లో బొంబాయిలో శారదా సదన్ అనే బడి పెట్టింది. మరుసటి ఏడాది దాన్ని పూనాకు మార్చింది. బడిలో మతబోధ ఉండదని ముందే మాట ఇచ్చింది. కానీ తాను ప్రార్థన చేసుకునేటప్పుడు తన గది తలుపు మూసుకునేది కాదు. కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. ఇది మాట తప్పడమేనని కొందరు, ఎవరినీ బలవంతపెట్టలేదు కదా అని కొందరు అన్నారు. 1893లో పెద్ద గొడవై సలహా సంఘం పెద్దలు తప్పుకున్నారు. చాలామంది తమ పిల్లలను తీసుకుపోయారు. ఆమె బడి మూయలేదు, తలుపూ మూయలేదు.

1896-97లో మధ్య పరగణాల్లో ఘోరమైన కరువు వచ్చింది. తన చిన్ననాటి ఆకలి గుర్తొచ్చి రమాబాయి స్వయంగా అక్కడికి వెళ్ళింది. ఎముకల గూళ్ళలా ఉన్న ఆడపిల్లలను, ఒళ్ళంతా పుండ్లు ఉన్నవాళ్ళను, తలనిండా పేలు పట్టినవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. అప్పుడు పూనాలో ప్లేగు ఆంక్షలు. అంతమందిని ఊళ్ళో ఉంచడానికి వీల్లేదన్నారు. దాంతో పూనాకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో కేడ్గాఁవ్ దగ్గర తాను కొన్న భూమిలోకి తీసుకుపోయింది. అదే ముక్తి సదన్. 1900లో గుజరాతు కరువు తర్వాత అక్కడివారి సంఖ్య రెండు వేల దాకా పెరిగింది.

ఇక్కడే నేను మీకు చెప్పదలచిన అసలు సంగతి ఉంది. విధవరాండ్రను, దిక్కులేని పిల్లలను వాళ్ళ ఇబ్బందిలో పరామర్శించడమే స్వచ్ఛమైన భక్తి అని బైబిలులో యాకోబు పత్రిక చెబుతుంది. ఆ మాట మనం చదివి పుస్తకం మూసేస్తాం. ఆమె ఆ మాటను పనిలో పెట్టింది. బావులు తవ్వించింది. పొలం పండించింది. మగ్గాలు, నూనె గానుగ, పాడి పశువులు, అచ్చుయంత్రం పెట్టి అన్ని పనులూ ఆడవాళ్ళకే నేర్పించింది. చూపులేని పిల్లలకు వేళ్ళతో తడిమి చదివే బ్రెయిలీ లిపి నేర్పించారు. లోకం వెలివేసిన స్త్రీలకు కృపా సదన్ అని వేరే ఇల్లు కట్టింది.

మరొకటి కూడా నాకు బాగా నచ్చింది. అప్పటి మరాఠీ బైబిలు పల్లెటూరి ఆడవాళ్ళకు సరిగ్గా అర్థమయ్యేది కాదు. అందుకని ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకుని, బైబిలు అంతా సులువైన మరాఠీలోకి మార్చింది. అక్షరాలు పేర్చి అచ్చు వేసింది ముక్తి సదన్ ఆడవాళ్ళే. మా అమ్మమ్మకు పుస్తకం తెలుగు అర్థం కాదు. నేను మా ఇంటి మాటలో చెబితేనే తల ఊపుతుంది. అందుకే ఆ కష్టం విలువ నాకు తెలిసింది.

1921లో కూతురు మనోరమ చనిపోయింది. ఆ దుఃఖంలో కూడా రమాబాయి బైబిలు పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. ఆమె పెట్టిన సంస్థ కేడ్గాఁవ్‌లో నేటికీ నడుస్తోంది.

ఇక నా సంగతి. ఆదివారం ప్రార్థనలో ముందు నిలబడి పాట పాడేది నేనే. పోయిన నెల మా గదిలో ఒక చెల్లికి గజ్జి వచ్చింది. నా ట్రంకుపెట్టె ఆమె పక్కనుంచి మొదట జరిపిందీ నేనే. నన్ను చూసి మిగతావాళ్ళూ జరిపారు. ఆమె పళ్ళెం పట్టుకుని వరండాలో ఒక్కతే కూర్చుని తినేది. ఇంటికి తీసుకుపొమ్మని, ఇక చదవనని వాళ్ళ నాన్నకు కబురు పెట్టింది. రమాబాయి పుండ్లతో ఉన్న పిల్లలను వెంటబెట్టుకొచ్చిన సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నర్సమ్మ గారిని అడిగాను. గదిలో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలనీ, బట్టలు దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలనీ, అలా చేస్తే పోతుందనీ చెప్పారు. శనివారం ఆ చెల్లి దుప్పటి, నా దుప్పటి కలిపి ఉతికాను. వరండాలోకి నా పళ్ళెం తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె నాతో ఇంకా సరిగ్గా మాట్లాడలేదు. వచ్చే వారం వాళ్ళ నాన్న వస్తాడు. ఉంటుందో పోతుందో తెలియదు.

అక్కలారా, చెల్లెళ్ళారా, మనలో ఎవరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఆయన రాకముందే మీరు కూడా ఒక్కసారి వరండాలోకి రండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి