పరబలము - పద్మనాభము: చిన విజయరామ గజపతి

ఇల్లు కాచుకొనుటకు పరదేశపు సేనలను రప్పించుకొన్న రాజ్యములు లోకమున పెక్కు గలవు. 1940లో ఫ్రాన్సు కూలినపిమ్మట ఇంగ్లండు తీరమును కాచినవారిలో కెనడావారు ముఖ్యులు. ఆస్ట్రేలియా, న్యూజీలాండువారును తోడుపడిరి. డంకర్కునుండి దాటివచ్చిన మన దేశపు కంచరగాడిదల రవాణా దళములును అచ్చట నిలిచెను. అయినను ఆ దేశము తన దొరతనమును వారి కప్పగింపలేదు. మన సీమలో జరిగినది వేరు. చిన విజయరామ గజపతి మరణము గజపతినగర ప్రాంతమువారికి తెలియనిది కాదు. దాని మూలమును మేము మరల స్మరింపదలచితిమి.

1757లో బొబ్బిలియుద్ధానంతరము పెద విజయరామరాజు తాండ్ర పాపారాయనిచే హతుడయ్యెను. పిమ్మట పట్టమునకు వచ్చిన ఆనందగజపతి ఫ్రెంచివారితో పొసగక, 1758లో విశాఖపట్టణమును వారినుండి గైకొని ఇంగ్లీషువారిని పిలిపించెను. క్లైవు వంగదేశమునుండి కర్నల్ ఫోర్డును ఓడలపై పంపెను. ఆ సేన వ్యయమునకు రాజు నెలకు 50,000 రూపాయలియ్యవలెననియు, గెలిచిన భూములలో లోనాడు రాజునకు, సముద్రతీరపు రేవులు కుంపిణీకి చెందవలెననియు ఒడంబడిక. ఆ డిసెంబరులో చందుర్తికడ ఫ్రెంచివారోడిరి. 1759లో మచిలీబందరు పడెను. 1760లో ఆనందగజపతి గతించెను.

దత్తుడైన విజయరామరాజు అప్పటికి బాలుడు. అధికారమంతయు అన్నయగు సీతారామరాజు చేజిక్కెను. రాజు పెద్దవాడైనపిమ్మటను ఆ పట్టు చిరకాలము సడలలేదు. ఇది ఆయన జీవితమునందలి గొప్ప లోపము. ఇంతలో 1765లో మొగలు పాదుషా ఫర్మానాచేతను, మరుసటియేట నైజాముతో సంధిచేతను ఉత్తర సర్కారులు కుంపిణీపరమయ్యెను. సహాయమునకు వచ్చినవారు ప్రభువులైరి. 1784లో సర్క్యూటు కమిటీవారు సంస్థానమున 12,000లకు పైగా సైన్యమున్నదని గుర్తించి, అది కుంపిణీకి అపాయకరమని తలచిరి. సంస్థానము తన్ను తాను కాచుకొనగలుగుటయే వారికంటికి నేరమయ్యెను!

పేష్కషు బాకీలు పెరిగెను. 1793లో కుంపిణీవారు సంస్థానమును జప్తుచేసి, రాజును నెలబత్తెముపై మచిలీబందరుకు పొమ్మనిరి. ఆయన పోక, బంధువులతోను భటులతోను పద్మనాభముచేరెను. 1794 జూలై 10వ తేదీ తెల్లవారుజామున కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో పైబడెను. గంట తిరుగకముందే రాజును, పెక్కుమంది రాచవారును నేలకొరగిరి. కుమారుడు నారాయణబాబు కొండసీమకు చేరి, తుదకు తగ్గించిన సంస్థానమును మాత్రమే మరల పొందెను.

ఇందు ఒక్క సంగతి మనస్సునకు పట్టవలసియున్నది. ఈ తీరపు కుంపిణీ సిపాయిలలో తెలుగువారు విస్తారముగా నుండిరి. వంగదేశమున సిపాయిని తిలంగా యనియే పిలిచెడివారు. కావున దండు వచ్చినది ఓడలపైనైనను, దానికి బలము మనవారే. మనవారి చేతి తుపాకికి ఆజ్ఞ యిచ్చువారు మాత్రము పరులైరి. సహాయ మడుగుట తప్పుగాదు. ఆజ్ఞయు కోశమును సహాయునికే విడిచిన రాజ్యము నిలువదు. ముప్పదియారేండ్లలో ఈ పాఠము చందుర్తినుండి పద్మనాభమునకు నడచివచ్చినది. స్వతంత్రులమైన మనము దీనిని మరువరాదని మా విన్నపము.