అక్షరాల కోసం ఆస్తి కరిగించిన బాస్కర్‌విల్

పోయిన సంచికకి ఇంగ్లీషు శీర్షికలు కంప్యూటర్ ల్యాబ్‌లో తీసి అతికించాం కదా. ఆ రోజు ఫాంట్ల వరసలో బాస్కర్‌విల్ అనే పేరు చూసి, షెర్లాక్ హోమ్స్ కుక్క కథ గుర్తొచ్చి నవ్వుకున్నాను. తర్వాత లైబ్రరీలో వెతికితే తెలిసింది, అది ఒక మనిషి పేరని. ఆయన కథ చదివాక నవ్వు రాలేదు.

జాన్ బాస్కర్‌విల్ ఇంగ్లండులో వుల్వర్లీ అనే పల్లెలో పుట్టాడు. బర్మింగ్‌హామ్ వచ్చి పిల్లలకి దస్తూరీ నేర్పేవాడు, సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. తనకి ఎన్ని రకాల రాత వచ్చో చూపించడానికి ఆయన చెక్కిన నమూనా పలక ఒకటి ఇప్పటికీ ఆ ఊరి గ్రంథాలయంలో ఉంది. ఈ పనుల్లో డబ్బు లేదు. డబ్బు వచ్చింది రేకు పళ్ళేల వ్యాపారంలో. రేకు మీద వార్నిషు పూతలు పూసి నిగనిగలాడేలా చేసి అమ్మి ధనవంతుడయ్యాడు. తోటా బంగళా కట్టుకున్నాడు.

హాయిగా కూర్చోవలసిన వయసులో, 1750 ప్రాంతంలో, అచ్చు పని మొదలుపెట్టాడు. అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో అక్షరాన్ని ఉక్కు కడ్డీ చివర చెక్కి, దాన్ని రాగి ముక్క మీద కొట్టి, ఆ గుంటలో కరిగిన సీసం పోసి తయారుచేసేవారు. బాస్కర్‌విల్ గీసి ఇస్తే జాన్ హ్యాండీ అనే పనివాడు చెక్కేవాడు. ఆయన కోరింది కలంతో రాసినట్టుండే అక్షరం. నిలువు గీత బాగా లావు, కలిపే గీత వెంట్రుకంత సన్నం, గీతల చివర పదునైన చిన్న పాదం. ఆ పాదాన్నే సెరిఫ్ అంటారు. మన తెలుగు తలకట్టు లాంటిది కాదు, అది లేకపోయినా అక్షరం మారదు, కాని నిలబడే తీరు మారుతుంది.

అయితే అప్పటి గరుకు కాగితం మీద అంత సన్న గీత సరిగ్గా పడదు. ఇంకొకరైతే గీతని లావు చేసి ఊరుకునేవారు. ఈయన మిగతావన్నీ మార్చాడు. అచ్చుయంత్రం సరిచేయించాడు, మరింత నల్లటి సిరా కాయించాడు, వాట్‌మన్ తయారుచేసిన నున్నటి కాగితం వాడాడు, అచ్చయిన కాగితాల్ని వేడి రాగి రేకుల మధ్య పెట్టి నొక్కించాడు, మనం చీర ఇస్త్రీ చేసినట్టు. మొదటి పుస్తకం, లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు, 1757లో వచ్చేసరికి ఏళ్ళు గడిచిపోయాయి. అట్ట లోపలి పేజీలో లతలూ లేవు, పువ్వులూ లేవు. అక్షరాలూ, తెల్లటి జాగా, అంతే.

మెచ్చుకోవలసినవాళ్ళు తిట్టారు. సన్న గీతల వల్ల కళ్ళు పోతాయన్నారు. అలా అన్న ఒక పెద్దమనిషికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక నమూనా కాగితం ఇచ్చాడు. అది కాస్లన్ అనే మరో అచ్చుల తయారీదారుది, అందరూ హాయిగా చదువుకునే అక్షరమే. పైనున్న పేరు చింపేసి, బాస్కర్‌విల్‌ది అని ఇచ్చాడు. ఆయన అందులోనూ తప్పులు ఏరి చూపించాడట! ఫ్రాంక్లిన్ నిజం చెప్పకుండా ఊరుకున్నాడు. నేనైతే చెప్పేసేదాన్ని.

దేవుణ్ణి నమ్మని ఈయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి ముద్రాపకుడై 1763లో వేసిన బైబిల్ ఇప్పుడు ఇంగ్లండులో అచ్చయిన అందమైన పుస్తకాల్లో ఒకటి. అప్పుడు మాత్రం చాలా ప్రతులు అమ్ముడుపోక మిగిలిపోయాయి. అచ్చుల్ని ఫ్రాన్సుకి అమ్మబోయాడు, కుదరలేదు. 1775 జనవరిలో పోయాడు. చర్చి నేల వద్దని, తన తోటలోనే పాతిపెట్టించుకున్నాడు. 1821లో అక్కడ కాలువ పనులకి తవ్వితే శవపేటిక బయటపడింది. కొన్నాళ్ళు ఒక గోదాములో ఉంచి జనానికి చూపించారు కూడా. చివరికి చర్చివాళ్ళ నేలలోనే చేరాడు పాపం.

సారా ఈవ్స్ గురించి పుస్తకాల్లో రెండు ముక్కలే ఉన్నాయి. భర్త వదిలేసి పారిపోతే పిల్లలతో ఈయన ఇంట్లో పనికి చేరింది. తర్వాత ఇద్దరూ భార్యాభర్తల్లాగే ఉన్నారు, ఊరంతా ఏమన్నా సరే. మొదటి భర్త చనిపోయాకే, 1764లో, పెళ్ళి చేసుకున్నారు. బాస్కర్‌విల్ పోయాక అచ్చుల పని కొన్నాళ్ళు ఆమే నడిపింది. 1779లో వాటిని ఫ్రెంచి నాటకకర్త బోమార్షేకి అమ్మింది ఆమే. వాటితో వోల్టేర్ రచనలన్నీ అచ్చయ్యాయి. తర్వాత అక్కడా ఇక్కడా చేతులు మారి, మిగిలిన ఉక్కు కడ్డీలు 1953లో కేంబ్రిడ్జికి తిరిగొచ్చాయి. ఆమె ఆ రోజు వాటిని పాత ఇనుము కింద తూకానికి వేసుంటే? 1996లో జుజానా లిచ్కో అనే ఆవిడ బాస్కర్‌విల్ అక్షరాల్ని చూసి చేసిన ఫాంటుకి మిసెస్ ఈవ్స్ అని పేరు పెట్టింది. నాకు ఇది చాలా నచ్చింది.

ఇక మన శీర్షికల సంగతి. ఆయన బోల్డ్ అక్షరం చేయలేదు, ఆ కాలానికి ఆ అలవాటే లేదు. బోల్డ్ తర్వాతివాళ్ళు చేర్చారు, లావు గీతని ఇంకా లావు చేసి, సన్న గీతని దాదాపు అలాగే వదిలి. అందుకే పుస్తకం పేరుకీ, అధ్యాయం పేరుకీ బాగుంటుంది, చిన్న సైజులో పేజీ నిండా వేస్తే మసిపూసినట్టుంటుంది. మన ల్యాబ్‌లో ఉన్న బాస్కర్‌విల్ ఓల్డ్ ఫేస్ అసలు ఆయనది కాదు, ఆయన్ని చూసి బ్రిస్టల్‌లో ఐజాక్ మూర్ చేసిన అక్షరాల నుంచి వచ్చింది. దానికి విడిగా బోల్డ్ లేదు. మనం బోల్డ్ నొక్కితే కంప్యూటర్ అన్ని గీతల్నీ ఒకేలా ఉబ్బించేసింది. పోయిన సంచిక ఇంకా మెట్ల దగ్గర గోడ మీదే ఉంది, వెళ్ళి చూడండి. ఈసారి శీర్షికలు బోల్డ్ లేకుండా, సైజు పెంచి తీశాను.