పారుపల్లి వారి మలివయసు పాఠం

విజయవాడ: త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన గాయకుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు 1883లో కృష్ణాతీరాన శ్రీకాకుళంలో జన్మించారు. సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి వద్ద సంగీతం అభ్యసించి బెజవాడలో స్థిరపడ్డారు. గురువు గతించిన పిమ్మట ఆయన స్మృత్యర్థం ఆరాధనోత్సవాలు జరిపించారు. వృద్ధులకు సంగీతం వినిపిస్తే మేలన్న మాట నేడు తరచుగా వినవస్తోంది. పంతులుగారు వినడంతో సరిపుచ్చుకోలేదు, నేర్పారు. ఏభై దాటిన ఆయన చెంతకు పసితనంలోనే తల్లిని కోల్పోయిన బాలుడొకడు చేరాడు. అతడే మంగళంపల్లి బాలమురళీకృష్ణ. తన గురువు ఆరాధన వేదికపైనే ఆ బాలునిచేత తొలి కచేరీ చేయించారు. ముదిమికి ఇంతకు మించిన వ్యాపకం ఏముంటుంది! పంతులుగారు 1951లో కన్నుమూశారు. బాలమురళి తదనంతరం విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు.