చలనచిత్ర వర్తకుడు రఘుపతి వెంకయ్య

మన పొట్టంగి ప్రాంతము 1936 వ సంవత్సరము ఏప్రిల్ 1 వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మద్రాసు రాజధానిలో, విశాఖపట్టణము ఏజెన్సీలో చేరియుండెను. మన తాతముత్తాతలకు రాజధాని యన్నను, పెద్దకోర్టన్నను మద్రాసే. ఆ మద్రాసు నగరమున ఛాయాచిత్రములు తీయుచు సుఖముగా కాలము గడపుచున్న యొక తెలుగువాడు, నలుబది యేండ్లు నిండిన పిమ్మట, తన స్టూడియోను తాకట్టు పెట్టి యొక యంత్రమును కొనెను. దక్షిణదేశమున తెలుగువారి చలనచిత్ర వ్యాపారమునకు ఆ కొనుగోలే పునాది. ఆయన పేరు శ్రీ రఘుపతి వెంకయ్య నాయుడు.

ఆయనను తెలుగు చలనచిత్ర పితామహుడని గౌరవించుట అందరెరిగినదే. ఈ వ్యాసమున మాత్రము ఆయనను వర్తకునిగా చూడ దలచితిని. ఏమి కొనెను, ఏమి అమ్మెను, ఎచ్చట లాభము తీసెను, ఎచ్చట పోగొట్టుకొనెను అను సంగతులు కళాభిమానులు వ్రాసిన ప్రశంసలలో అంతగా కనబడవు.

వెంకయ్యగారు 1869 వ సంవత్సరము అక్టోబరు 15 వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. అంతకు ఐదేండ్లకు పూర్వము, 1864 లో, సముద్రము పొంగి ఆ పట్టణమును ముంచివేయగా ముప్పదివేల మంది మరణించిరి. ఒకనాడు కలంకారీ వస్త్రములను దేశదేశములకు పంపిన రేవు అది. వెంకయ్యగారు పుట్టునాటికి దాని వైభవము చాలవరకు తీరిపోయినది. చిత్రలేఖనము, బొమ్మలు మలచుట చిన్ననాటనే అలవడిన ఆ యువకుడు బ్రతుకుతెరువునకై మద్రాసు చేరెను. క్రమముగా మౌంటు రోడ్డులో ఛాయాచిత్రముల స్టూడియోను నెలకొల్పెను. దొరలును, జమీందారులును తిరుగు వీధి యది. అచ్చట స్టూడియో నడపుట సామాన్యమైన పని కాదు.

ఛాయాచిత్రపు వ్యాపారమున నొక పరిమితి యున్నది. తీసిన పటము ఎవరిదో వారికే కావలెను గాని పొరుగువానికి అక్కరలేదు. రేపటి కూలి రేపే సంపాదించుకొనవలెను. చలనచిత్రము అట్టిది కాదు. ఒక ఫిలిమును వేయిమంది చూచినను అది తరిగిపోదు. కాని చూచినవాడు మరునాడు మరల రాడు. వెంకయ్యగారి తరువాతి జీవితమంతయు ఈ రెండు మాటల నడుమ నడచినది.

1910 ప్రాంతమున ఆయన కొన్న యంత్రము పేరు క్రోనోమెగాఫోను. తెరపై బొమ్మలు కదలుచుండగా, వానికి తగిన పాటయు మాటయు గ్రామఫోను పళ్ళెము నుండి వినిపించునట్లు రెండు పరికరములను జతచేసిన యంత్రమది. రెండింటిలో ఏది వెనుకబడినను తెరమీది మనిషి పెదవి యొకదారి, పాట యొకదారి పట్టును. దాని వెల ముప్పదివేల రూపాయలని చెప్పుదురు. విద్యార్థులు లెక్కవేసి చూడుడు: నెలకు ముప్పది రూపాయల జీతగాడు తిండియు బట్టయు మాని కూడబెట్టినను ఆ సొమ్మగుటకు ఎనుబది మూడేండ్లు పట్టును. అంత ధనము పెట్టి కొన్న యంత్రము పలుకునది పరదేశపు పాటలే. తెలుగు మాట అందులో లేదు. అయినను విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనము పెట్టగా జనము విరగబడి వచ్చిరి. బొమ్మ పాడుటయే వింత గనుక ఏ భాషలో పాడుచున్నదని ఎవ్వరును అడుగలేదు.

వింత ఎంతకాలము నిలుచును? ఆ రోజులలో ప్రదర్శకుడు ఫిలిములను అడుగుల లెక్కన వెలకు కొనవలసి యుండెను. చేతనున్నవి కొలది నిమిషములు నడచు చిన్న చిత్రములు. అవి ఊరివారందరు చూచిన పిమ్మట ఆ ఊరిలో వానికి విలువ లేదు. క్రొత్త ఫిలిము కొనవలెను, లేదా క్రొత్త ఊరు వెదకవలెను. ఫిలిము కొనుటకంటె బండి కట్టుట చౌక. వెంకయ్యగారు గుడారమును, యంత్రమును తీసికొని దక్షిణదేశమంతయు తిరిగిరి. బెంగుళూరు చూచిరి, సింహళము పోయిరి, సముద్రము దాటి బర్మా వెళ్ళిరి. మన పెద్దలు రంగమని పిలిచిన రంగూను నగరమున ఆనాడు ఉత్తర సర్కారుల నుండి ఓడలెక్కి పోయిన తెలుగు కూలీలు వేలకొలది యుండిరి. తమిళులకును, కన్నడిగులకును, సింహళీయులకును, బర్మావారికిని అదే ఫిలిము సరిపోయెను. తన భాష వినబడని దేశములలో తన సరుకును అమ్మగలిగిన వర్తకుడాయన. కోయంబత్తూరున సామికన్ను విన్సెంటుగారును ఆ కాలముననే గుడారము మోసికొని తిరిగిరి. రైల్వేలో గుమాస్తాగిరి వదలి యీ పనికి దిగిన ధైర్యశాలి ఆయన.

ఇంతలో వ్యాపారపు పద్ధతి మారుచు వచ్చెను. ఫ్రాన్సు దేశమున పాతే సంస్థ 1907 నుండి ఫిలిములను అమ్ముట మాని బాడుగకిచ్చుట మొదలుపెట్టెను. ఆ పద్ధతి మన దేశమునకును ప్రాకినది. బాడుగ ఫిలిము వచ్చిన పిమ్మట ప్రదర్శకుడు తిరుగనక్కరలేదు. ఊరు మారుటకు బదులు వారమునకొకమారు చిత్రము మారును. ఈ మార్పును త్వరగా గ్రహించుట వెంకయ్యగారి బుద్ధికుశలత. 1914 నాటికి మౌంటు రోడ్డు చెంత గెయిటీ థియేటరు నిలిచియుండెను. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమాశాల అది. పిమ్మట మింటు వీధిలో క్రౌను, పురసవాకములో గ్లోబు వెలసెను. స్థలములు ఎన్నుకొన్న తీరు గమనింప దగినది. మొదటిది షికారు వీధి చెంత, రెండవది కోమట్లును సేట్లును క్రిక్కిరిసిన వర్తకపు పేటలో, మూడవది సంసారులు కాపురముండు పేటలో. ఒకచోట ఆడి ముగిసిన చిత్రమును మరియొకచోట ఆడింపవచ్చును. చూడని కన్నులు అచ్చట ఎన్నియో యుండును.

ఐరోపా మహాయుద్ధము వచ్చుటతో ఆ ఖండపు చిత్రములు తగ్గి, అమెరికా చిత్రములు మన తెరలనాక్రమించెను. వానిలో సీరియళ్ళకు గిరాకి హెచ్చు. కథానాయకుడు కొండకొమ్మున వ్రేలాడుచుండగా ఆనాటి భాగము ముగియును. వాడు పడెనో బ్రతికెనో తెలియవలెనన్న వచ్చేవారము మరల టిక్కెట్టు కొనవలెను. చూచినవాడు మరల రాడను చిక్కునకు అమెరికావారు కనిపెట్టిన మందు ఇది. దీనివలన మద్రాసు థియేటర్లన్నియు బాగుపడెను.

వెంకయ్యగారు ఇంతటితో ఆగియుండినచో ధనవంతుడై కన్నుమూసియుందురు. ఆయన ఆగలేదు. ఫాల్కేగారు 1913 లో రాజా హరిశ్చంద్ర చిత్రమును తీసి, మన పురాణకథలను మనవారే తీయవచ్చునని చూపియుండిరి. మద్రాసులోనే నటరాజ మొదలియారుగారు కీచకవధ తీసిరి. పరదేశపు దొంగల కథలకు వచ్చు జనము రామకృష్ణుల కథలకు రెట్టింపుగా వత్తురని ఏ థియేటరు యజమానికైనను తెలియును. వెంకయ్యగారు తన కుమారుడు సూర్యప్రకాశును ఈ విద్య నేర్చుటకు విదేశములకు పంపిరి. ఆ యువకుడు ఇంగ్లండులో ఈలింగునందలి బార్కరు స్టూడియోలో పనినేర్చి, ఇతర దేశముల స్టూడియోలను గూడ చూచి తిరిగివచ్చెను. తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను సంస్థను స్థాపించి, సూర్యకాంతి లోనికి వచ్చుటకై అద్దములతో స్టూడియో కట్టించిరి. 1921 లో భీష్మ ప్రతిజ్ఞ తీసిరి. దర్శకుడు ప్రకాశుగారే, భీష్ముడును ఆయనే. గంగ వేషమునకు పెగ్గీ కాస్టెల్లో అను ఆంగ్లవనితను పెట్టిరి. సినిమాలో నటించుటకు మన స్త్రీలు ముందుకు రాని రోజులవి.

ఇచ్చట ఒక మాట. సినిమా జంకిన ఆ విషయమున నాటకము జంకలేదు. కడప సీమలో 1885 లో పుట్టిన సురభి నాటక సమాజమున స్త్రీవేషములను ఆ కుటుంబపు స్త్రీలే ధరించిరి. ఇంటిల్లిపాది రంగమెక్కుటచే బయటివారికి జీతములిచ్చు పని వారికి తగ్గెను. ఆ సురభివారి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937 లో రాయగడ రైలుదారిలోని జిమిడిపేటలో వెలసినదని మన ప్రాంతపు పిల్లలలో ఎందరెరుగుదురో!

భీష్మ ప్రతిజ్ఞ తరువాత ఆ సంస్థ గజేంద్ర మోక్షము మొదలగు మరికొన్ని మూకీ చిత్రములు తీసెను. మూకీ చిత్రమునకు భాష లేదు. నడుమ నడుమ తెరపై వచ్చు వ్రాతలు మార్చిన చాలును, ఏ దేశమునకైనను పోవును. అయినను లెక్కలు కుదరలేదు. కారణము నాకు తోచినంతవరకు ఇది. బాడుగ చిత్రము ఆడకపోయినచో నష్టము ఆ వారముతో తీరును. చిత్రము తీయువాడు మొదటి టిక్కెట్టు తెగకమునుపే సొమ్మంతయు ఖర్చుచేయవలెను. ఆ సొమ్ము తిరిగి రావలెనన్న చిత్రము అనేక నగరములలో ఆడవలెను. వెంకయ్యగారి మూడు థియేటర్లును మద్రాసులోనే యున్నవి. నగరవాసులు చూచుట ముగిసిన పిమ్మట ఆ చిత్రము పరుల థియేటర్ల గడప త్రొక్కవలసినదే, పరులు విదిల్చిన పాలు పుచ్చుకొనవలసినదే. కలకత్తాలో జంషెడ్జీ మదన్‌గారి కుటుంబము ఈ లోపమును తప్పించుకొనెను. వారు చిత్రములు తీయుటతోపాటు భారతదేశమునందును, బర్మా సింహళములందును నూటికి పైగా థియేటర్లను చేతబట్టిరి. తమ చిత్రము తమ తెరలపైనే ఊరూర తిరుగును. ఒకప్పుడు గుడారముతో ఊరూర తిరిగిన వెంకయ్యగారికి ఈ సూత్రము తెలియనిది కాదు. కాని గుడారము కదలును, అద్దాల స్టూడియో కదలదు. అయితే అంత పెద్ద మదన్ సంస్థయు టాకీల ఖర్చునకు తాళలేక 1930 తరువాత కూలిపోయినదని మరువరాదు.

అమెరికాలో వాల్టు డిస్నీ, రాయి డిస్నీ అను అన్నదమ్ములు 1923 లో చిన్న బొమ్మల సంస్థను స్థాపించిరి. తమ్ముడు వాల్టు కలలు కనును, అన్న రాయి పద్దులు చూచును. 1928 లో వారి చిట్టెలుక బొమ్మ పాటతో జతగూడి ఆడినప్పుడు లోకము మురిసినది. అట్టి వింతనే ముడిరూపమున వెంకయ్యగారు పదునెనిమిదేండ్లకు ముందే మద్రాసులో చూపియుండిరి. డిస్నీ సోదరులకును అప్పులు తప్పలేదు. 1937 నాటి వారి మొదటి పెద్ద చిత్రము బ్యాంకు అప్పుతోనే పూర్తియైనది. వెంకయ్యగారికి అట్టి బ్యాంకు లేదు. మన ప్రభుత్వము సినిమాను పరిశ్రమగా గుర్తించినది 1998 లో. అంతవరకు చిత్రము తీయువానికి వడ్డీవ్యాపారియే దిక్కు. ఇంకొక భేదము గూడ కలదు. రాయి తమ్ముని ఖర్చునకు అడ్డుచెప్పువాడు. వెంకయ్యగారింట ఖర్చు కుమారునిది, అడ్డుచెప్పవలసినది తండ్రి. కుమారుని విద్యకై సముద్రములు దాటించిన తండ్రి, ఆ విద్య ఫలించు వేళ సంచిమూతి బిగించుట సులభము కాదు. బిడ్డలను చదువునకై కొండదిగువకు పంపిన మన తలిదండ్రులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

అప్పులు పెరిగి ఆస్తులు ఒక్కొక్కటిగా చేజారెను. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ మూతపడెను. ప్రకాశుగారు ఇతరుల సంస్థలలో చిత్రములు తీసిరి. వెంకయ్యగారి ధనము పోయినను ఆ స్టూడియోలో అబ్బిన విద్య పోలేదు. వారి చెంత మెలగిన సి. పుల్లయ్యగారు 1934 లో లవకుశ తీసి తెలుగునాట జనమును ఊపివేసిరి. 1932 ఫిబ్రవరి 6 వ తేదీన సురభివారి నాటకము ఆధారముగా తీసిన భక్త ప్రహ్లాద విడుదలయ్యెను. ఆదినుండి అంతము వరకు తెలుగుననే పలికిన మొదటి చిత్రము అది. ముప్పదివేలు పోసి పరదేశపు పాట వినిపించిన వెంకయ్యగారు అప్పటికి అరువది రెండేండ్ల వృద్ధులు.

1941 మార్చి 15 వ తేదీన ఆయన మద్రాసులో పరమపదించిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1980 లో ఆయన పేర నొక పురస్కారమును నెలకొల్పినది. తెలుగు సినిమాకు జీవితమంతయు సేవచేసినవారి కొరకు ఏర్పరచిన పురస్కారమది. గ్లోబు థియేటరు చేతులు మారి రాక్సీ యను పేరుతో చాలకాలము నడచి పిమ్మట పోయినది. గెయిటీయు క్రౌనును గూడ నేడు లేవు. నాటి ఫిలిము నైట్రేటుతో చేసినది, నిప్పు సోకిన భగ్గుమనును, పెట్టెలోనున్నను క్రమముగా పొడియగును. పాత రీళ్ళను అందలి వెండికై కరగించినవారును కలరు. భీష్మ ప్రతిజ్ఞ నేడు చూచుటకు లభింపదు.