గుంటూరు తల్లి – డాక్టరు మేరీ గ్లౌరీ

మన తాతముత్తాతలు అయిదేండ్ల గిర్మిట్ కాగితముపై వేలిముద్ర వేసి, చెన్నపట్టణపు రేవున ఓడనెక్కి ఫిజీ చెరకుతోటలకు తరలిపోయిరి. ఆ ఒప్పందపు కట్లు ఫిజీలో 1920 జనవరి 1న తెగిపోయినవి. అదే నెల 21వ తేదీన ఒక ఆస్ట్రేలియా వనిత, మన పెద్దలు విడిచివచ్చిన భారతభూమికి ఓడలో బయలుదేరెను. ఆమెను కట్టివేసిన కాగితమేదియు లేదు. ఆమె తనకు తాను పెట్టుకొన్న గడువు అయిదేండ్లు కాదు, ఆయుఃకాలము. నేడు గంగాలిన్‌లో స్థిరపడి ఈ దేశపు ఉప్పు తినుచున్న మనము ఆ తల్లిని ఎరుగకుండుట న్యాయము కాదు.

డాక్టరు మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న విక్టోరియా రాష్ట్రములోని బిరెగర్రాలో జన్మించెను. తొమ్మిదిమంది సంతానములో మూడవది. స్కాలర్‌షిప్పు పొంది మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమున చేరి, 1910లో వైద్యపట్టము నందెను. స్త్రీ డాక్టరగుటయే అరుదైన కాలమది. న్యూజిలాండులో కొంతకాలము పనిచేసిన పిదప మెల్‌బోర్న్ ఆసుపత్రులలో సేవచేయుచు, కాలిన్స్ వీధిలో స్వంతముగా వైద్యము సాగించెను. పేరును ధనమును రెండును వచ్చు చోటు అది.

1915లో ఒక చిన్న పుస్తకము ఆమె చేతబడెను. అది స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్‌ను గూర్చినది. భారతదేశములో తల్లులును పసిబిడ్డలును వైద్యము లేక మరణించుచుండిరనియు, పురుషవైద్యుని యెదుటికి స్త్రీలు రాజాలకుండిరనియు ఆమె తెలిసికొనెను. కూలీలైనులలో మంత్రసానులే దిక్కుగా ప్రసవించిన మన నాయనమ్మల గాథలు విన్నవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

మనసు కరగినను ఆమె వెంటనే పరుగెత్తలేదు. నాకు మిక్కిలి గొప్పగా తోచునది ఇదియే. 1916లో కాథలిక్ స్త్రీల సాంఘిక సంఘమునకు తొలి అధ్యక్షురాలయ్యెను. గుంటూరులో అక్కరకు వచ్చునని ప్రసూతి, స్త్రీవ్యాధులు, నేత్రవైద్యములందు కృషిచేసి 1919లో ఎం.డి. పట్టము గైకొనెను.

1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరి, హాలెండు నుండి వచ్చిన యేసు మరియ జోసెఫు సభలో చేరెను. అయితే సన్యాసినులు వైద్యవృత్తి చేయుట నాటి చర్చి నిబంధనలకు విరుద్ధము. పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు ఆమెకు ప్రత్యేకముగా అనుమతి నొసగిరి. తక్కిన సన్యాసినులకు ఆ ద్వారము 1936లో గాని తెరువబడలేదు.

తిరుహృదయ సిస్టర్ మేరీ అను పేర ఆమె గుంటూరులోనే సేవచేసెను. చిన్న మందులశాల సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిగా పెరిగెను. చాలకాలము అందు డాక్టరు ఆమె యొక్కతెయే. కావున స్థానిక యువతులకు మందులు కలుపుటయు, పురుడు పోయుటయు, రోగిసేవయు నేర్పెను. తాను లేనినాడును పని ఆగరాదని ఆమె తలంపు. 1943లో భారత కాథలిక్ ఆసుపత్రుల సంఘమును స్థాపించినదియు ఆ తలంపుతోడనే. స్వంత వైద్యకళాశాల కావలెనని ఆమె కలగనెను గాని, చూడ నోచుకొనలేదు. క్యాన్సరు వ్యాధితో 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూసెను. ఆ నగరముననే సెయింట్ జాన్స్ వైద్యకళాశాల 1963లో వెలసెను.

2013లో చర్చి ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించెను. పూర్వుల ఊళ్లు వెదకుకొనుచు గుంటూరు సీమకు పోవు మనవారు ఆ ఆసుపత్రి వాకిట ఒక్క నిమిషము నిలిచి రావలెనని మా ప్రార్థన.