బస్తర్ చివరి పాలకుడు ప్రవీర్‌చంద్ర: జపాన్‌కు వెళ్లిన ఖనిజం, మిగిలిన ప్రశ్న

జగదల్‌పూర్: కాకతీయ వంశ వారసత్వం గల బస్తర్ సంస్థానానికి చివరి పాలకుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్. 1929లో జన్మించిన ఆయన, తల్లి మహారాణి ప్రఫుల్లకుమారీదేవి మరణానంతరం 1936లో బాల్యంలోనే సింహాసనం అధిష్ఠించారు.

బస్తర్ సంపదకు కేంద్రం బైలదిల్లా ఇనుప ఖనిజం. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో దానిపై హక్కులకు హైదరాబాద్ నిజాం ప్రయత్నించగా సర్దార్ పటేల్ అప్రమత్తమయ్యారు. 1948 జనవరి 1న సంస్థానం విలీనమైంది. ప్రవీర్‌చంద్ర 1957లో శాసనసభకు ఎన్నికయ్యారు.

1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం బైలదిల్లా నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఖనిజం ఎగుమతి కావాలి. దేశానికి విదేశీ మారకద్రవ్యం అత్యవసరమైన కాలమది. ఎగుమతి రాబడి, కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం, విశాఖ రేవులో ఖనిజ ఎగుమతి వసతులు జాతీయ లక్ష్యాలయ్యాయి. ఆ కొండల్లో నివసించే ఆదివాసులకు దక్కవలసిన వాటా మాత్రం వాటిలో ప్రధానాంశం కాలేదు.

1961లో కేంద్రం ప్రవీర్‌చంద్ర రాజ గుర్తింపును రద్దు చేసింది. అదే ఏడాది మార్చి 31న లోహండిగూడలో నిరసన తెలిపిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. భూమి, అడవిపై ఆదివాసుల హక్కులకు గొంతుగా నిలిచిన ప్రవీర్‌చంద్ర 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయనతోపాటు పలువురు ఆదివాసులూ ప్రాణాలు కోల్పోయారు.

రెండేళ్ల తరువాత, 1968లో, బైలదిల్లా గని పని ప్రారంభించింది. ఖనిజం విశాఖ మీదుగా జపాన్ చేరింది. విదేశాలతో బేరమాడే ముందు దేశం నిర్దేశించుకునే లక్ష్యాలలో, ఖనిజం పుట్టిన నేలవారి ప్రయోజనానికి చోటెంత అన్న ప్రశ్నను బస్తర్ చరిత్ర నేటికీ ముందుంచుతోంది.